వేడి మీద పూసిన కేకు

తలనిండా దట్టంగా జుట్టున్నా అతన్ని అందరూ గుండు మేస్త్రీ అనే పిలిచేవారు. గోడ నిటారుగా లేచిందో లేదో చూడటానికి దారం కట్టి వేలాడదీసే ఇనుపగుండు ఒకటి ఎప్పుడూ అతని చొక్కా జేబులో ఉండేది. పనికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఆస్పత్రిలో ఎవరినైనా పలకరించడానికి వెళ్ళినా అది ఉండాల్సిందే. ఆ బరువుకి చొక్కాలన్నీ జేబు దగ్గర సాగిపోయేవి. "గోడలేమో నిటారు, చొక్కాలేమో వంకర" అని బట్టలు ఆరేసినప్పుడల్లా భార్య సణిగేది.

అతని పనికి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా అతను ప్రపంచానికి వంకలు పెట్టడంతోనే. ఎక్కడ కూర్చున్నా కళ్ళు ఊరుకునేవి కావు. హోటల్లో బల్ల, బస్సు కిటికీ, పక్కింటివాళ్ళు ముచ్చటపడి పెట్టించుకున్న గేటు, దేన్ని చూసినా ఎక్కడో ఒకచోట ఎత్తో పల్లమో కనపడేది. కనపడటంతో ఆగితే ఎవరికీ నష్టం లేదు. కనపడింది కనపడినట్టు నోట్లోంచి ఊడిపడేది. అవతలివాళ్ళు ముఖం మాడ్చుకుంటే, "ఉన్నమాటంటే ఉలుకెక్కువ" అని నవ్వేసి ఇంకో వంక వెతుక్కునేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత కూడా ఒకటుందని అతనికెవరూ చెప్పినట్టు లేదు.

అలా తయారవడానికి కారణం ఉంది. పనిలో చేరిన కొత్తలో, పొద్దుటినుంచి ఎండలో నిలబడి అతను కట్టిన మొదటి గోడను వాళ్ళ పెద్ద మేస్త్రీ వచ్చి చూసి, ఒక్క మాట కూడా తిట్టకుండా, "తోసెయ్" అన్నాడు. ఇతను తన గోడను తన చేతులతోనే తోసేశాడు. ఆ రోజు ఏడుపొచ్చినా, తరవాత జీవితమంతా ఆ మాటనే గొప్ప ఉపకారంగా చెప్పుకున్నాడు. తప్పు చూపించినవాడే మనవాడు అనుకున్నాడు. కాబట్టి తనవాళ్ళనుకున్న వాళ్ళందరికీ ఆ ఉపకారమే చేస్తూ వచ్చాడు.

అందులో పెద్దవాటా కూతురికి దక్కింది. ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఏం చేసినా పరిగెత్తుకొచ్చి నాన్నకే చూపించేది. ఇల్లు బొమ్మ గీసి తెస్తే, "మనిషికంటే తలుపు పొట్టిగా ఉంది, దూరేదెట్లా?" అనేవాడు. అట్టముక్కలతో బొమ్మకి మంచం చేసి తెస్తే, "ఒక కాలు పొట్టి" అనేవాడు. ఆ పిల్ల వెళ్ళి సరిచేసి మళ్ళీ తెచ్చేది. తండ్రి బాగుందని అనడు, "ఇప్పుడు నిలబడుతుంది" అంటాడు. అదే పెద్ద బహుమతిలా పొంగిపోయేది. అలా తెచ్చి చూపించడం ఆ పిల్ల ఎప్పుడు మానేసిందో అతనికి తెలియదు. మానేసిన సంగతే అతను గమనించలేదు.

కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నెమ్మదస్తుడు, గట్టిగా తుమ్మినా ఎవరికి ఇబ్బందో అని చుట్టూ చూసేరకం. ఇద్దరూ ఏళ్ళతరబడి అద్దె గదుల్లో సర్దుకుని, సెలవు దొరికినప్పుడల్లా వీధి వీధీ తిరిగి వెతికి, చివరికి మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు. గోడలకి లేతనీలం రంగు అల్లుడే స్వయంగా వేశాడు. చూడటానికి అందరినీ పిలిచారు. అల్లుడి తల్లి వచ్చింది, అతనితో పనిచేసేవాళ్ళు వచ్చారు, దుకాణంలో కూతురి స్నేహితురాళ్ళు వచ్చారు. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని మరీ హాల్లోకి తీసుకెళ్ళి, "ఎలా ఉంది నాన్నా?" అంది.

ఆ అడగడంలో ఏముందో ఎవరికైనా తెలుస్తుంది. మేస్త్రీ మాత్రం గోడ మీద అరచెయ్యి పెట్టి రాశాడు, ఒక కన్ను మూశాడు, జేబులోంచి గుండు తీసి పైనుంచి వేలాడదీశాడు. వచ్చినవాళ్ళంతా వేడుక చూస్తున్నట్టు చుట్టూ మూగారు. "ఇంత వంకర గోడకి ఇంత మంచి రంగెందుకు దండగ చేశారు?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. అల్లుడు కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు ముఖం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నవ్వాడు. కూతురు చేయి వదిలేసింది.

మర్నాడు తల్లికి ఫోన్ చేసి, "నాన్నని ఇక మా ఇంటికి తీసుకురాకు" అంది. అప్పటినుంచి ఫోన్ మేస్త్రీ ఎత్తితే అవతలినుంచి వచ్చేది ఒకటే మాట. "అమ్మకివ్వు." ఎలా ఉన్నావని లేదు, తిన్నావా అని లేదు. అతను మొదట్లో, "ఉన్నమాటేగా అన్నాను, అదే తెలుసుకుంటుంది" అని బింకంగా తిరిగాడు. వానలు వచ్చి వెళ్ళాయి. ఆ పిల్ల ఏమీ తెలుసుకోలేదు. ఫోన్ మోగితే భార్య కంటే ముందు ఎత్తడం మాత్రం అతను మానలేదు. ఆ రెండు ముక్కలైనా వినపడతాయని.

ఇలా ఉండగా భార్య తడిమెట్ల మీద జారి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు. కూతురు పుట్టినరోజు దగ్గరపడింది. ఆవిడ పెళ్ళికి ముందు ఒక బేకరీ వంటగదిలో పనిచేసింది. అక్కడ నేర్చుకున్న కేకు ఒకటి ప్రతి పుట్టినరోజుకీ చేస్తుంది. మూడు అరల చాక్లెట్ కేకు, అరకీ అరకీ మధ్య, పైన కూడా, కొబ్బరి, అక్రోటు పప్పు వేసి ఉడికించిన చిక్కటి పూత. పక్కలకి పూత పూయరు, అరలు పైకి కనిపిస్తూనే ఉంటాయి. ఇల్లు మారినా, ఊళ్ళో సరుకు దొరక్కపోయినా, ఆ పిల్లకి జ్వరమొచ్చినా ఆ కేకు తప్పలేదు.

"సాయంత్రం మీరిద్దరూ రండి. కేకు ఉంటుంది" అని ఫోన్లో కూతురికి చెప్పి పెట్టేసింది. చెయ్యి విరిగినదానివి ఎలా చేస్తావని అవతల అడిగే లోపే పెట్టేసింది. తరవాత మొగుడి వైపు చూసింది.

"నా వైపు చూస్తావేంటి?" అన్నాడు మేస్త్రీ.

"నాకు ఒక చెయ్యే ఉంది. నీకు రెండున్నాయి. పైగా ఇన్నేళ్ళూ నేను చేసినదానికి వంకలు పెట్టావు కదా, ఎలా చెయ్యాలో నాకంటే నీకే బాగా తెలిసుండాలి."

అతను గింజుకోలేదు. అదే ఆవిడకి ఆశ్చర్యం. సాయంత్రం ఆ పిల్ల గడప దాటి వచ్చి తన ముఖం చూసి ఒక్కమాటైనా మాట్లాడితే చాలని అతని మనసులో ఉంది. తను చేసిన కేకు తింటూ మాట్లాడకుండా ఎలా ఉంటుంది? అంత లెక్క వేసుకునే చొక్కా చేతులు మడిచాడు.

భార్య వంటింట్లో ఎత్తుపీట మీద కూర్చుని, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఆజ్ఞలు జారీచేసింది. చాక్లెట్ ముక్కల మీద వేడినీళ్ళు పోసి కరిగించాడు. వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలక్కొట్టాడు. ఆ పని అతనికి నచ్చింది, జబ్బసత్తువ పనికొచ్చింది. పచ్చసొనలు ఒకటొకటిగా వేశాడు. చిక్కు మైదా దగ్గరొచ్చింది. పళ్ళెంలో కుప్పగా పోసి, మధ్యలో గొయ్యి చేసి, మజ్జిగ పోయబోయాడు.

"ఏంటయ్యా అది? స్లాబు వేస్తున్నావా?"

"ఇలాగేగా కలుపుతారు!"

"సిమెంటు మాలు కలుపుతారు అలాగ. ఇటు కొంచెం మైదా, అటు కొంచెం మజ్జిగ, మార్చి మార్చి వెయ్యి. ఇప్పుడు తెల్లసొన నురగ. మెల్లగా! కిందినుంచి పైకి తిప్పు. నురగ చస్తే కేకు చస్తుంది."

అంత పెద్ద అరచేతుల మనిషి, పసిబిడ్డకి నీళ్ళు పోస్తున్నంత భయంగా ఆ నురగను కలిపాడు. మూడు గుండ్రటి టిన్నుల్లో సమంగా పోశాడు. సమంగా అంటే మామూలు సమం కాదు, మోకాళ్ళ మీద కూర్చుని బల్లకి కళ్ళు ఆనించి, మూడూ ఒకే ఎత్తు వచ్చేదాకా చెంచాతో ఇటునుంచి అటు మార్చాడు. ఓవెన్‌లో పెట్టాక దాని ముందునుంచి కదల్లేదు. కాలి చల్లారిన అరలు మధ్యలో కాస్త ఉబ్బితే, ఆ ఉబ్బుని కత్తితో బల్లపరుపుగా కోసేశాడు. కోసిన ముక్కలన్నీ భార్య నోట్లోకి వెళ్ళాయి.

"బాగుంది. మెత్తగా వచ్చింది" అంది ఆవిడ నములుతూ.

ఆ మాటకి అతనికి ఒళ్ళు ఝల్లుమంది. ఈ వయసులో, ఇంత చిన్నమాటకి ఇంత సంతోషమేమిటని కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

మిగిలింది పూత. చిక్కటి పాలు, పంచదార, పచ్చసొనలు, వెన్న సన్నమంట మీద పెట్టి అడుగంటకుండా తిప్పుతూ ఉండమంది. "దగ్గరపడ్డాక దించి కొబ్బరి, పప్పు వేసి కలుపు. కాసేపు నడుం వాలుస్తాను, ఆ మాత్ర వేసుకుంటే కళ్ళు మూతలు పడుతున్నాయి" అని వెళ్ళి పడుకుంది.

అతను తిప్పాడు. దగ్గరపడింది. దించి కొబ్బరి, పప్పు వేసి కలిపాడు. గరిటె లేపితే బరువుగా జారుతోంది. వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఒక్క నిమిషం ఆగి చూశాడు, అంచుల్లో అప్పుడే గట్టిపడుతోంది. కలిపిన మాలు గట్టిపడే లోపల గోడకెక్కాలి, లేకపోతే పారబొయ్యాలి. పనిలో చేరిన మొదటిరోజు నేర్చిన పాఠమది. ఎన్నివేలసార్లు అరిచుంటాడు పనివాళ్ళ మీద, "కానివ్వండిరా, మాలు పోతోంది!" అని. ఇప్పుడు తనమీద తనే అరుచుకున్నట్టు గబగబా అందుకున్నాడు. మొదటి అర పెట్టాడు, వేడివేడి పూత పరిచాడు, రెండో అర, మళ్ళీ పూత, మూడో అర, పైన మిగిలిందంతా. వంగి చూశాడు. అంచుకి అంచు, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత నిటారు కేకు ఆవిడ జన్మలో చేసుండదనుకున్నాడు. ఈలవేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి కేకు ఒరిగిపోయి ఉంది. వేడికి పూత కరిగి, పైఅర ఒక పక్కకి జారి, మధ్య అర ఇంకోపక్కకి నడిచి, కొబ్బరంతా పళ్ళెంలోకి దిగి కూర్చుంది. వానకి నానిన పాత ప్రహరీలా ఉంది చూడటానికి. తోస్తే నిలబడుతుందేమోనని రెండుచేతులా పట్టుకుని నిలబెట్టాడు. చేతులు తీసిన వెంటనే మళ్ళీ జారింది. రెండుచేతులతో దాన్ని అలాగే పట్టుకుని నిలబడి, "ఏమే!" అని కేకేశాడు.

భార్య వచ్చి చూసి, ముందు నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది, తరవాత లాభంలేక కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "చల్లారాక పూయాలయ్యా దాన్ని!"

"చెప్పలేదుగా నువ్వు!"

"ఎవరికైనా తెలిసిందే కదా అని చెప్పలేదు."

"చల్లారితే రాయైపోదూ?"

"రాయి అవడానికి అదేమన్నా సిమెంటా? కొబ్బరయ్యా, కొబ్బరి!"

అతను నవ్వలేదు. కత్తి అందుకున్నాడు. "విప్పేసి మళ్ళీ పేరుస్తాను."

"విప్పితే ముక్కలైపోతుంది. ఉన్నది ఉన్నట్టు పెడదాం."

"ఎలా పెడతామే? ఆ పిల్ల ముందు, ఆ అల్లుడి ముందు? అంతమందిలో వాళ్ళ గోడ వంకరని గుండు వేలాడదీసినవాణ్ణి, ఇది తీసుకెళ్ళి బల్ల మీద పెట్టనా? పారేస్తాను. చెయ్యలేదని చెప్దాం."

భార్య నవ్వు ఆపింది. ఎత్తుపీట మీద మళ్ళీ కూర్చుంది. "నేనెన్ని పెట్టానయ్యా నీ ముందు? ఏడాదికొకటి. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు, ఈ పక్క పల్లంగా ఉంది, ఆ అర లావుగా ఉంది అని చెప్పేసేవాడివి. తినకముందే చెప్పేవాడివి."

"ఉన్నదేగా చెప్పాను" అన్నాడు, అలవాటుగా.

"ఉన్నదే. కాదని ఎవరన్నారు? అది విన్నాక నాకు ఒక్కోసారి తినబుద్ధయ్యేది కాదు. నా ముక్క నీ కంచంలో వేసేదాన్ని. ఎప్పుడైనా చూశావా?"

అతను చూడలేదు. రెండోముక్క ఎక్కడినుంచి వస్తోందో ఎన్నడూ ఆలోచించకుండా తిన్నాడు. బల్ల ఒకవైపు పల్లమైతే గది అవతలినుంచి పసిగట్టే మనిషి, పక్కనే కూర్చున్న భార్య తినడం లేదన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. తప్పు చూపించడం ప్రేమ అనుకున్నాడు. అవతలివాళ్ళకి అదెలా ఉంటుందో, తన చేతుల మధ్య ఒక కేకు ఒరిగితే గానీ తెలియలేదు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. కత్తి కిందపెట్టాడు. అంతలో తలుపు తట్టారు.

కూతురు లోపలికి వచ్చి తల్లి చెయ్యి చూసి, కట్టు మీద మెల్లగా తడిమింది. తండ్రి ఉన్నవైపు చూడలేదు. అల్లుడు, "బాగున్నారా మావయ్యా" అని తనే పలకరించాడు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కేకు చూసి కూతురు, "అమ్మా, ఇది..." అని ఆగిపోయింది.

"మీ నాన్న చేశాడు" అంది తల్లి.

ముక్కలు కోశారు, కోయడమంటే గరిటెతో ఎత్తి పెట్టుకున్నారు. మేస్త్రీ కళ్ళు కంచాల మీద లేవు, కూతురి ముఖం మీద ఉన్నాయి. ఆమె తింది. ఇంకో చెంచా తింది.

"చాలా బాగుంది మావయ్యా" అన్నాడు అల్లుడు. ఊరికే అనలేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ మంచితనానికి మేస్త్రీ తట్టుకోలేకపోయాడు. "బాగుండటమేంటి బాబూ? ఒరిగింది కదా. వేడి మీద పూశాను. మధ్య అర చూడు, ఇటు జారింది. అడుగు అర కాస్త మాడింది కూడా, అంచు దగ్గర..."

కూతురు చెంచా కింద పెట్టింది. "నాన్నా, నిన్నెవరైనా అడిగారా?"

చాలాకాలానికి ఆమె అతనితో అన్న కొత్తమాట అది. ఉన్నమాటంటే ఉలుకెక్కువన్న పాత సామెత అతని నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగేశాడు.

"లేదు" అన్నాడు. "ఆ రోజు కూడా అడగలేదు. నువ్వు ఎలా ఉందన్నావు, అంతే. గోడ నిటారుగా ఉందా అనలేదు. అల్లుడు అంత తిరిగి వెతికి, చేతులారా రంగువేసుకున్న ఇల్లు. బాగుందని ఒక్కమాట అంటే నాకేం పోయింది? తప్పు నాది తల్లీ. బాబూ, నిన్ను కూడా నలుగురిలో చిన్నబుచ్చాను."

"అయ్యో, అదేం లేదు మావయ్యా" అన్నాడు అల్లుడు కంగారుగా.

కూతురు తలవంచుకుని కేకుని చెంచాతో అటూ ఇటూ కదిపింది. కాసేపటికి, "గోడ వంకరే నాన్నా" అంది. "బీరువా ఆనించలేకపోయాం. వెనక చెయ్యి పట్టేంత సందు. నీకు ఫోన్ చేసి ఏం చెయ్యాలో అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. అడిగితే, ఆ రోజే చెప్పానా లేదా అంటావని మానేశాను. ఫోన్ మోగేసరికి నువ్వే ఎత్తేవాడివి. నోట్లోంచి మాట వచ్చేది కాదు."

తన మాటే నిజమని తేలిందని విన్నప్పుడల్లా మేస్త్రీ మీసం కింద నవ్వుకునేవాడు. ఈసారి ఆ నవ్వు రాలేదు. అడగాల్సిన పిల్ల అడగలేక, చెప్పగలిగినవాడు చెప్పే వీల్లేక, ఫోన్‌కి అటూ ఇటూ ఇన్నాళ్ళు నిలబడిపోయారు. తన నిజం ఎవరికి పనికొచ్చింది? ఒక బీరువాని గోడకి ఆనించడానికి కూడా పనికిరాలేదు.

"చెప్పానా లేదా అననులే" అన్నాడు.

"అంటావు."

"అనను."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "అయితే ఆదివారం రా. అమ్మని తీసుకుని రా. గోడ కోసం కాదు, భోజనానికి."

మేస్త్రీ వస్తానని తలూపాడు. ఆ పూట అంతవరకూ అతను తన ముక్క ముట్టుకోలేదని కూతురే చూసింది. కంచం అతని ముందుకి జరిపి, "తిను నాన్నా. నిజంగానే బాగుంది" అంది. మేస్త్రీ తల దించుకుని, కళ్ళు ఎవరికీ కనపడనివ్వకుండా, ఆ ముక్కంతా తిన్నాడు.